కారు వచ్చింది, కంపెనీ ఇంకా దారిలోనే ఉంది

వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్‌లో మా అడ్తి (కమీషన్ దుకాణం) ముందు ఈ కరెంటు కారు ఆపిన మొదటి రోజు చుట్టూ పదిమంది చేరారు. తలుపు తీసి చూశారు, టైరు తన్ని చూశారు, ముందు బానెట్ తెరవమన్నారు. లోపల ఇంజన్ కనపడక నవ్వుకున్నారు. పర్వతగిరి వైపు నుంచి మిర్చి తెచ్చే ఒక ముసలి రైతు మాత్రం ధర అడగలేదు, ఎంత దూరం పోతుందనీ అడగలేదు. "సేటూ, ఇది ఖరాబైతే ఎవలు జూస్తరు?" అన్నాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. పద్నాలుగు నెలలు, 23,400 కిలోమీటర్లు నడిపాక ఈ రివ్యూ రాస్తున్నది ఆయన ప్రశ్నకు జవాబుగానే.

కంపెనీ పేరు రాయను. పేరు రాస్తే చదివేవాళ్లు రెండు పార్టీలై కొట్లాడుకుంటారు, కారు సంగతి పక్కకు పోతుంది. విదేశీ కంపెనీ, కరెంటు కార్లు అమ్ముతుంది, వరంగల్‌లో షోరూం లేదు, సర్వీస్ సెంటర్ లేదు. రెండూ హైదరాబాద్‌లోనే. నా బండి ఖరీదు 24 లక్షలు, బ్యాటరీ 60 యూనిట్లది.

నేను కొన్న సమయం బాగా కలిసొచ్చింది. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం కొత్త ఈవీ (కరెంటు బండ్ల) పాలసీ తెచ్చి, 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఇంత ధర ఉన్న డీజిల్ బండికైతే ఒక్క రోడ్డు ట్యాక్సే నాలుగు లక్షలు దాటేది. జీఎస్టీ కూడా 5 శాతమే. మా ఆడిటర్ కాగితం మీద లెక్కలేసి చూపించి, "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంటావు?" అన్నాడు. డిసెంబర్‌లో బండి ఇంటికొచ్చింది. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించాం. నిమ్మకాయ తొక్కించేటప్పుడు బండి స్టార్ట్ అయిందో లేదో అయ్యగారికి తెలియక, "స్టార్ట్ చేయండి, స్టార్ట్ చేయండి" అని మూడుసార్లు అన్నారు. అప్పటికే టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి.

ముందు మంచి చెబుతాను. బండి నడవడంలో నాకు ఒక్క వంక దొరకలేదు. హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా ఒక్కసారి చార్జింగ్‌తో పోయి, పని చూసుకుని, వచ్చేటప్పుడు జనగామ దగ్గర టీ తాగేంతసేపు ఒక హోటల్ ముందున్న ఫాస్ట్ చార్జర్‌కు పెడితే ఇల్లు చేరతాను. కాగితం మీద ఒక్క చార్జింగ్‌కు 500 కిలోమీటర్లకు పైన రాశారు. చలికాలంలో నాకు 390 వచ్చింది, మే నెలలో ఏసీ పెట్టుకుని 335. పాత డీజిల్ బండికి నెలకు పది వేలు దాటే ఖర్చు ఇప్పుడు ఇంటి కరెంటు బిల్లులో రెండున్నర వేలకు దిగింది. అదీ పై శ్లాబులో యూనిట్‌కు తొమ్మిది రూపాయలు దాటి కడుతూ. వెనక సీట్లో మా అమ్మ ఎప్పుడూ నడుం నొప్పి అంటుండేది, ఈ బండిలో అనలేదు. జనవరి చివర్లో మేడారం జాతరకు ఇంటివాళ్లందరినీ ఎక్కించుకుని పోయాను. బెల్లం బుట్టలు డిక్కీలో, మా అత్తమ్మ ముందు సీట్లో. ఆ ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఏసీ వేసుకుని కూర్చున్నా బ్యాటరీ ఏడు శాతమే తగ్గింది. పక్కన డీజిల్ బండ్లవాళ్లు ఇంజన్ ఆపేసి కిందికి దిగి నిలబడ్డారు.

ఇంత బాగున్న బండి మీద నాకు మూడు స్టార్లే ఎందుకంటే, ఈ కారు మన ఊరికి వచ్చింది గానీ దాన్ని చేసిన కంపెనీ ఇంకా రాలేదు.

చిన్న విషయంతో మొదలుపెడతాను. స్టీరింగ్ మన వైపుకు మార్చారు, ఇండికేటర్ పుల్ల మార్చలేదు. మన బండ్లలో కుడిచేతి వైపు ఉండేది దీనిలో ఎడమవైపు ఉంది. మొదటి నెలంతా సుబేదారి దగ్గర మలుపు తిరిగేటప్పుడల్లా ఎండలో వైపర్లు ఆడించాను. వెనక ఆటోవాడికి నేను ఎటు పోతున్నానో తెలియదు గానీ నా అద్దం మాత్రం శుభ్రంగా ఉండేది. బండితో మాట్లాడే సదుపాయం ఉందని అమ్మేటప్పుడు గొప్పగా చెప్పారు. "నక్కలగుట్ట" అంటే దానికి ఇప్పటికీ అర్థం కాదు. మా చిన్నమ్మాయి నోరు ఒక పక్కకు తిప్పి ఇంగ్లిష్ యాసలో పలికితే ఒకసారి అర్థమైంది, అప్పుడు ఇంకేదో రాష్ట్రంలో ఉన్న ఊరు చూపించింది.

దానంతటదే బ్రేకు వేసే, వరస తప్పకుండా స్టీరింగ్ తిప్పే సదుపాయాలు ఇంకో కథ. గీతలు చక్కగా ఉన్న రోడ్డు మీద, ఎవరి వరసలో వాళ్లు పోయే దేశంలో వాటికి నేర్పించి ఉంటారు. పరకాల రోడ్డు మీద గీత చెరిగిపోయిన చోట స్టీరింగ్ తనకు తోచినట్టు లాగుతుంది. ఎదురుగా గడ్డిమోపు ట్రాక్టర్ వస్తే అది లారీయో, గోడో, కొండో తేల్చుకోలేక కీచుమని ఆగుతుంది. ఇప్పుడు బండి ఎక్కగానే ఆ రెండూ ఆఫ్ చేయడం సీటు బెల్టు పెట్టుకున్నంత అలవాటైంది. డబ్బు పెట్టి కొన్న సదుపాయాన్ని రోజూ మొదట ఆపేసి నడపడం కొంచెం బాధే.

ఇవి నవ్వుకునే సంగతులు. అద్దం సంగతి చెప్పాలి.

2025 మార్చి, మిర్చి సీజన్ నడుమ. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయిపోయి లోడింగ్ జరుగుతోంది. మార్కెట్ గేటు దగ్గర బస్తాల ట్రాక్టర్ ఒకటి రివర్స్ వస్తూ నా ఎడమ పక్క అద్దాన్ని తీసుకుపోయింది. డ్రైవర్ పిల్లవాడు భయపడి ఏడుపు మొహం పెట్టాడు. అద్దమే కదా, పోనీలే అన్నాను. మా హమాలీ రాజన్న అయితే, "సేటూ, లారీ అద్దం తెచ్చి తీగ సుట్టి కడ్త, సాయంత్రానికి అయిపోతది" అన్నాడు. నవ్వాను. ఆ తర్వాత 58 రోజులు ఆ మాట గుర్తుచేసుకుంటూ నడిపాను.

ఈ బండి అద్దం అద్దం కాదట. అందులో కెమెరా ఉంది, దానికి మోటారు ఉంది, డ్రైవర్ కంటికి ఆనని మూలలో బండి వస్తే వెలిగే లైటు ఉంది. కెమెరా పోతే బండి చుట్టూ చూపించే తెర నల్లబడుతుంది, ఎర్ర అక్షరాలు వస్తాయి. హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఫొటోలు పంపాను. ఇన్సూరెన్స్ సర్వేయర్ రెండు రోజుల్లో ఒప్పుకున్నాడు. పార్టు మాత్రం ఇక్కడ లేదు. "ఆర్డర్ పెట్టాం సార్, షిప్‌మెంట్‌లో వస్తుంది" అన్నారు. ఏ షిప్‌మెంట్? వారం ఆగి అడిగితే "బయల్దేరింది" అన్నారు. ఇంకో వారానికి "పోర్టులో ఉంది" అన్నారు. ఏ పోర్టు అని అడిగాను, మిర్చి కంటైనర్లు పంపేవాళ్లతో రోజూ మాట్లాడేవాణ్ని కదా, కొంచెం తెలుసు. ఆ అమ్మాయికి తెలియదు. తన తప్పేమీ లేదు, ఆమె ముందున్న కంప్యూటర్ కూడా చెప్పదు.

చివరికి వచ్చింది. డబ్బా తెరిస్తే కుడి అద్దం.

నేను సర్వీస్ సెంటర్‌లోనే ఉన్నాను, 145 కిలోమీటర్లు పోయి. మేనేజర్ నాకన్నా ఎక్కువ నలిగిపోయాడు. స్టీరింగ్ ఎడమ ఉన్న దేశాల లెక్కలో డ్రైవర్ పక్క, అవతలి పక్క అని రాసుకుంటారట, మన దగ్గరికి వచ్చేసరికి తారుమారైందట. అసలు అద్దం మళ్లీ వచ్చేదాకా ఇంకో ఇరవై రెండు రోజులు. రాజన్న తీగ కట్టిన లారీ అద్దంతోనే నడిపాను. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన అదాలత్ సెంటర్‌లో ఆపి, ఏం మాట్లాడాలో తెలియక పోనిచ్చాడు.

ఇందులో కంపెనీని మాత్రమే తిట్టడం నాకు న్యాయం అనిపించదు. మాది మిర్చి వ్యాపారం. ఊరు కాని ఊళ్లో సరుకు అమ్మడం అంటే ఏమిటో నాకు తెలుసు. మన దగ్గర పండే తేజ రకం పెద్ద మొత్తంలో చైనాకు పోతుంది. ఇక్కడ తాలుకాయ (రంగు పోయిన నాసి మిర్చి) కలిసిందా, తేమ ఎంత అని చూసి పాట పాడతాం. అక్కడికి పోవాలంటే ఆ లెక్క వేరు, యూరప్‌కు పోవాలంటే ఇంకా వేరు. పురుగుమందు అవశేషాలు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే ముద్ర) వచ్చింది, సంతోషమే. ఆ కాగితం చూసి ఏ ఓడా బస్తా ఎక్కించుకోదు. సరుకు వాపసు వస్తే ఆ ఖర్చు ఎవరిదో ముందే రాసుకోకపోతే మునిగేది మనమే. పండించడం ఒక పని, పరాయి గడప ముందు నిలబెట్టడం ఇంకో పని.

కార్లవాళ్లకు కూడా గేటు దగ్గరే పడుతుంది దెబ్బ. పూర్తిగా తయారైన కారును దిగుమతి చేసుకుంటే, దాని ధరను బట్టి మన దేశంలో సుంకం 70 శాతం నుంచి వంద పైదాకా పోతుంది. టెస్లా 2025 జులైలో ముంబైలో మొదటి షోరూం తెరిచి మోడల్ వై ధర దాదాపు 60 లక్షలు అంది. అమెరికాలో అదే బండి అప్పటి లెక్కన 39 లక్షల దగ్గర మొదలయ్యేది. ఆ తేడా ఎవరి జేబులో పడిందో చెప్పక్కర్లేదు. అందుకని కొందరు ముక్కలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తారు, సుంకం తగ్గుతుంది. 2024 మార్చిలో కేంద్రం ఒక స్కీము పెట్టింది: మూడేళ్లలో 4,150 కోట్లు పెట్టుబడి పెట్టి ఇక్కడ ఫ్యాక్టరీ కట్టేవాళ్లు ఏటా 8,000 కార్ల దాకా 15 శాతం సుంకంతోనే తెచ్చుకోవచ్చు. 35 వేల డాలర్లకు పైన ఉన్న బండ్లకే.

సరే ఫ్యాక్టరీ పెడదాం అంటే అందరినీ రానివ్వరు. 2020 ఏప్రిల్ నుంచి మన సరిహద్దు దేశాల కంపెనీలు పెట్టుబడి పెట్టాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. చైనా కంపెనీ బీవైడీ, మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్ల ప్లాంటు పెడతామంటే 2023లో కేంద్రం ఒప్పుకోలేదు. అదే బీవైడీ టెక్నాలజీతో హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా బస్సులు తయారు చేసి అమ్ముతోంది. తలుపు ఒక పక్క మూసి, ఒక పక్క ఓరగా తెరిచి ఉంటుందన్నమాట. దేశ భద్రత మాట కాబట్టి నేను దాన్ని తప్పు అనను. వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ ఇంకో దారి పట్టింది. తమిళనాడు తూత్తుకుడిలో 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసి, 2025 ఆగస్టుకు ప్లాంటు తెరిచి, ఆ తర్వాత కార్లు అమ్మడం మొదలుపెట్టింది. సరుకు కన్నా ముందు గోదాము కట్టుకున్నట్టు.

ఇది మన దేశపు గొడవ మాత్రమే అనుకోవద్దు. 2024లో అమెరికా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద వంద శాతం సుంకం వేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో యూరప్, అప్పటికే ఉన్న 10 శాతం మీద కంపెనీని బట్టి 35 శాతం దాకా అదనంగా వేసింది. చార్జింగ్ ప్లగ్గు మూతి కూడా చైనాలో ఒకటి, జపాన్‌లో ఒకటి, యూరప్‌లోనూ మన దగ్గరా సీసీఎస్ 2 అనే రకం. ప్రతి దేశానికీ కొంత మార్చాలి, మళ్లీ పరీక్షలకు పంపాలి.

ఆ పరీక్షల దగ్గర ఒక వెసులుబాటు ఉంది: విదేశాల్లో పాసైన బండ్లను ఇక్కడ మళ్లీ పరీక్షించకుండా ఏటా 2,500 దాకా తెచ్చుకోవచ్చు. వినడానికి బాగుంది. దేశం మొత్తానికి రెండున్నర వేల బండ్లు అమ్మే కంపెనీ వరంగల్‌లో సర్వీస్ సెంటర్ ఎట్లా పెడుతుంది? పది కార్లకు ఒక మెకానిక్ జీతం కూడా రాదు. సెంటర్ లేదని ఇక్కడివాళ్లు కొనరు. కొనరని సెంటర్ పెట్టరు. నాలాంటి తొందరపాటు మనిషి ఒకడు మధ్యలో దొరుకుతాడు.

వాన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు నిజంగా టెన్షన్ పుట్టింది ఆ రాత్రే.

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు మా కాలనీలో నీళ్లు మోకాలు దాటాయి. బండి వాకిట్లోనే ఉంది, బంపర్ దాకా మునిగింది. ఈ కారు కింద నేలంతా బ్యాటరీయే. నీళ్లు తగ్గాక స్టార్ట్ చేయొచ్చా వద్దా? పుస్తకంలో చూస్తే "అధీకృత కేంద్రాన్ని సంప్రదించండి" అనే మాట పేజీకి నాలుగుసార్లు ఉంది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఎక్కడో ఢిల్లీ దగ్గర కాల్ సెంటర్. హిందీలో మాట్లాడాను, మనకు ఇబ్బంది లేదు. "హనుమకొండ, వరంగల్ రెండూ ఒకటేనా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న మన ఊళ్లోనే పెద్దవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదు, అతనికి ఏం చెప్పను? స్టార్ట్ చేయొద్దని, ఈ బండిని మామూలుగా తాడు కట్టి లాగకూడదని, చక్రాలు నాలుగూ పైకెక్కే లారీయే పంపాలని చెప్పాడు. ఆ లారీ హైదరాబాద్ నుంచే రావాలి. రోడ్లు తెరుచుకున్నాక మూడో రోజు వచ్చింది.

సర్వీస్ సెంటర్‌లో లిఫ్ట్ మీద ఎత్తి, బ్యాటరీ పెట్టె విప్పకుండానే మీటర్లు పెట్టి చూశారు. చుక్క నీరు పోలేదు. ఒక్క రూపాయి తీసుకోలేదు, కడిగి మరీ ఇచ్చారు. ఆ రోజు ఆ టెక్నీషియన్ పిల్లవాణ్ని చూస్తే ముచ్చటేసింది. సిరిసిల్ల అబ్బాయి, ఐటీఐ చదివి, కంపెనీవాళ్లు పెట్టిన ట్రైనింగ్‌కు పోయి వచ్చాడట. తెలంగాణ మొత్తంలో ఈ బ్యాటరీ పెట్టెను ముట్టుకునే పర్మిషన్ ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అన్నాడు. బండి గట్టిది. దాన్ని చూసుకునే మనిషి 145 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. నా మూడు స్టార్ల లెక్క ఇంతే.

తిరిగి అమ్మితే ఎంత వస్తుందో కూడా అడిగి పెట్టుకున్నాను. హంటర్ రోడ్డులో పాత కార్లు అమ్మే దోస్తు చుట్టూ తిరిగి చూసి 13 అన్నాడు. పద్నాలుగు నెలల్లో 11 లక్షలు పోయాయి. "బండి మీద అనుమానం లేదు బావా, కంపెనీ ఉంటదో పోతదో అన్నదే అనుమానం" అన్నాడు. వాడి భయం ఊరికే పుట్టింది కాదు. జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా ఇక్కడ కార్లు అమ్మడం ఆపింది, ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఇద్దరూ అమెరికాలో మహా మహా కంపెనీలు, ఇక్కడ ఇరవై ఏళ్లకు పైన ఉన్నవాళ్లు. నా బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది. ఆ కాగితం కింద సంతకం పెట్టినవాళ్లు ఎనిమిదేళ్లూ ఇక్కడ ఉండాలి కదా. ఇంకోటి, 2025 ఏప్రిల్‌లో చైనా మోటార్లలో వాడే అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు పెట్టేసరికి మన దేశపు కంపెనీలే ఇబ్బంది పడ్డాయి. బయటి నుంచి వచ్చే బండికి ఇట్లాంటి ముళ్లు ఎన్ని చోట్ల ఉంటాయో కొనేటప్పుడు నేను ఆలోచించలేదు.

మరి కొనాలా? హైదరాబాద్‌లో ఉండేవాళ్లు, ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లు కొనండి, హాయిగా ఉంటారు. వరంగల్, కరీంనగర్, ములుగు వైపు ఉండి ఇదొక్కటే బండి అనుకుంటే మాత్రం ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీ ఈవీ చూడండి, రేంజి పదో ఇరవయ్యో తక్కువైనా పర్వాలేదు. ఎట్లాగూ ఇదే కావాలంటే కొనేముందు ఒక పని చేయండి. షోరూంలో కాఫీ ఇచ్చేటప్పుడు, ఎడమ అద్దం, ముందు బంపర్, ముందు గాజు, ఈ మూడూ ఇవాళ ఈ దేశంలో స్టాకు ఉన్నాయా అని అడిగి, వాట్సాప్‌లో రాసి పంపమనండి. నేను కాఫీ తాగాను, అది అడగలేదు.

ఆ ముసలాయన ఈ సీజన్‌లోనూ సరుకు తెచ్చాడు. కారు వైపు చూసి, "ఇంకా నడుస్తుందా?" అన్నాడు. నడుస్తుంది కాకా అన్నాను. ఎడమ అద్దం మీద చేయి పెట్టి చూసి, తన బస్తాల దగ్గరికి పోయాడు. రాజన్న కట్టిన లారీ అద్దం ఇంకా డిక్కీలోనే ఉంది. ఈ నెల 26న సర్వీసు, ఉదయం ఐదింటికే బయల్దేరాలి.